‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టేనా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు డాక్టరువి కదా, ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడు" అన్నాడు. షుగరు గురించి మాట్లాడితే మీరంతా బుద్ధిగా తల ఊపి, ఆ తర్వాత భోజనాల దగ్గర ఆత్రేయపురం పూతరేకులు నాలుగేసి లాగిస్తారని నాకు తెలుసు. నేనూ అంతే. అందుకని షుగరు జోలికి పోవడం లేదు. ఆస్పత్రిలో మనం పెట్టే ఒక సంతకం గురించి మాట్లాడతాను. ఆ సంతకానికి ముందు మనం అనే ఒక చిన్న మాట గురించి కూడా.

ఆ మాట ‘ఆయ్’.

సినిమాలవాళ్ళు గోదారోళ్ళని ఆటపట్టించాలంటే ముందు ఈ మాటే పట్టుకుంటారు. దీని అర్థమేమిటో పక్క జిల్లావాడికి చెప్పమంటే మాత్రం మనకే చేతకాదు. ‘వింటున్నాను’ అని కావచ్చు. ‘తర్వాత చెప్పండి’ అని కావచ్చు. ‘పెద్దవారు, మీ మాట కాదంటానా’ అని కావచ్చు. ‘అలాగే’ అని కూడా కావచ్చు. మా తాతగారు "ఎల్లుండి దింపు పెట్టుకుందామా?" అంటే, దింపు తీసే మనిషి "ఆయ్" అనేవాడు. ఎల్లుండి వస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. తాతగారికి కోపం వచ్చేది కాదు. ఆ ‘ఆయ్’ మర్యాదేగానీ మాటివ్వడం కాదని ఇద్దరికీ తెలుసు.

ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు ఇది తెలియకపోవాల్సింది కాదు. అయినా డాక్టరయ్యాక మర్చిపోయాను.

ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. సర్జరీలో పీజీ చేసి ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్త. లంక గ్రామం నుంచి యాభై ఏళ్ళావిడ వచ్చింది. తమ్ముడి కొడుకు తోడొచ్చాడు. కుడివైపు డొక్క కింద నొప్పి, భోంచేస్తే వాంతులు. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళున్నాయి. ఆపరేషన్ చెయ్యాలి. పది నిమిషాలు కూర్చోబెట్టి అన్నీ చెప్పాననే అనుకున్నాను. రాళ్ళు ఎందుకొస్తాయి, ఎందుకు తియ్యాలి, ఎన్నాళ్ళు పడుకోవాలి, ఎంతవుతుంది. నేను ఆగిన ప్రతిచోటా ఆవిడ "ఆయ్" అంది. ఫారం మీద వేలిముద్ర వేసింది. ఆ ఫారం ఇంగ్లీషులో ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పే రోజున ఆవిడ అడిగింది: "రాళ్ళు తీసేశారు కదండీ బాబుగారూ, ఇక ఆ సంచీ ఎన్నాళ్ళకి బాగవుద్దండీ?"

సంచీ లేదు. రాళ్ళతోపాటు సంచీ కూడా తీసేస్తాం. ఈ జబ్బుకి వైద్యమే అది. సంచీ ఉంచేస్తే రాళ్ళు మళ్ళీ వస్తాయి. ఆ మాట నేను చెప్పానా? ‘పిత్తాశయాన్ని తొలగిస్తాం’ అన్నట్టు గుర్తు. ఆవిడకి అది రాళ్ళు ఏరెయ్యడంగా వినబడింది. సంచీ తీసేశామని చెప్పాను. ఆవిడ కాసేపు గోడకేసి చూసింది. తర్వాత "ఆయ్" అంది. ఆ ‘ఆయ్’ నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆ లంకలో వాళ్ళ చుట్టాలమ్మాయికి ఇరవై నాలుగు గంటల కడుపు పాశం వస్తే, ‘ఆ డాక్టరు దగ్గరికెళితే చెప్పకుండా ఏదో ఒకటి తీసేస్తాడు’ అని రెండు రోజులు ఊళ్ళోనే సూదిమందులు వేయించారు. అపెండిక్స్ పగిలింది. కాకినాడ పెద్దాస్పత్రిలో నెల రోజులుండి బతికింది. ఆపరేషన్‌లో నా తప్పేమీ లేదు. నా దగ్గర వేలిముద్రా ఉంది. ఆ పిల్ల మాత్రం చావు అంచు దాకా వెళ్ళొచ్చింది. చట్టం పుస్తకాలు తిరగేయడం నేను అప్పుడే మొదలుపెట్టాను.

ఈ ఫారాల చరిత్ర కూడా మీకు కొంచెం తెలియాలి. వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటినుంచి మా వాళ్ళ ఫారాలు పొడవు పెరిగాయి. ఒక పేజీది నాలుగైంది. అక్షరాలు చిన్నవయ్యాయి. ‘ఏం జరిగినా డాక్టరు బాధ్యుడు కాడు’ అనే వాక్యం లేని ఫారం ఉండదు. ఆ వాక్యానికి కోర్టులో విలువేమీ లేదని చాలామంది డాక్టర్లకే తెలియదు. రోగికి తెలియజెప్పడానికి పుట్టిన కాగితం డాక్టరుకి గొడుగైపోయింది.

ఆ కాగితం విలువెంతో ఒక కేసు స్పష్టంగా చెప్పింది. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ళ అవివాహిత 1995 మే నెలలో అధిక రక్తస్రావంతో డాక్టర్ ప్రభా మన్‌చందా దగ్గరికి వెళ్ళారు. లోపల ఏముందో చూడడానికి లాపరోస్కోపీ చేస్తామన్నారు. అవసరమైతే పొట్ట తెరవాల్సి రావచ్చన్నారు. ఆవిడ సంతకం పెట్టారు. మత్తులో ఉండగా డాక్టరు బయటికొచ్చి, అక్కడున్న తల్లితో మాట్లాడి, ఆవిడ సంతకం తీసుకుని గర్భాశయం, రెండు అండాశయాలు తీసేశారు. సమీరా కళ్ళు తెరిచేసరికి బిడ్డల్ని కనే దారి మూసుకుపోయింది.

జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆవిడ ఓడిపోయారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టులో గెలిచారు. కోర్టు ఏమందంటే, పరీక్షకిచ్చిన ఒప్పుకోలు వైద్యానికి చెల్లదు. చిన్న ఆపరేషన్‌కిచ్చినది పెద్ద ఆపరేషన్‌కి చెల్లదు. ప్రాణం పోయే పరిస్థితైతే వేరే మాట, లేదంటే మనిషి మేలుకునేదాకా ఆగాలి. ఆవిడ పెద్ద మనిషి, మతి స్థిమితంగా ఉన్న మనిషి, మధ్యలో తల్లి సంతకం ఎందుకు? డాక్టరుకి చెడు ఉద్దేశం ఉందని కోర్టు అనలేదు. మేలు చేస్తున్నానని నమ్మే చేసి ఉండొచ్చు. అయినా ఆ శరీరం ఆవిడది. పరిహారం ఎంతనుకున్నారు? డాక్టరు ఫీజు రద్దు, ఆ పైన 25 వేల రూపాయలు. పదమూడేళ్ళు తిరిగినందుకు! డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఏం చెప్పాలో కూడా ఆ తీర్పే చెప్పింది. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, దానివల్ల మేలేమిటి, వేరే దారులేమున్నాయి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది. ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే ప్రతి ఇబ్బందీ ఏకరువు పెట్టక్కర్లేదంది. నాకు ఇది న్యాయంగానే ఉంది.

ఢిల్లీ సంగతి మనకెందుకంటారా? గర్భసంచి ఆపరేషన్ల విషయంలో మనమే ముందున్నాం. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ. తర్వాతి స్థానం తెలంగాణది. దేశంలో ఇలాంటి ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. మన ఆడవాళ్ళకి మిగతా దేశానికి మూడింతలు జబ్బులున్నాయని నేను నమ్మను. మీ ఇళ్ళలో విన్న మాటలే గుర్తు చేసుకోండి. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది?" "ఉంచితే క్యాన్సరవుద్దట." "మా వదినకీ తీయించేశాం." ముప్పై అయిదేళ్ళ మనిషికి సంచీతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే రేపట్నించే ముట్లుడిగినట్టు. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు, ఒంట్లో ఆవిర్లు, నిద్రలేని రాత్రులు. ఆ సంగతి ఆవిడకి ఎవరైనా చెప్పారా? మందులతో తగ్గే దారి ఉందని చెప్పారా? చెప్పే ఉంటారు లెండి. ఆవిడ "ఆయ్" అనే ఉంటుంది.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మనింట్లో ఆడపిల్లకి ఎవరైనా ఈ ఆపరేషన్ చెబితే, రెండో డాక్టరుకి చూపించడం అవమానం కాదు. మొదటి డాక్టరు అలిగితే అలగనివ్వండి.

ఇప్పుడు చెప్పబోయేది మన మాస్టార్లు, టీచరమ్మలు ఓపిగ్గా వినాలి. ఎందుకంటే ఇందులో సంతకం పెట్టింది డాక్టరూ కాదు, రోగీ కాదు. హెడ్మాస్టరు.

2009 జులైలో, ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. మన దగ్గర దాదాపు 14 వేల మంది, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో పది వేల మంది పిల్లలు. మన దగ్గరి పిల్లల్లో చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. అమ్మానాన్నలు ఎక్కడో గూడేల్లో ఉంటారు. ఒక్కొక్కరినీ కలిసి చెప్పాలంటే రోజులు పడుతుంది. అందుకని హెడ్మాస్టర్లు, వార్డెన్లు సంతకం పెడితే చాలన్నారు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, వాళ్ళు పెట్టారు.

తర్వాత టీకా వేయించుకున్నవాళ్ళలో, రెండు రాష్ట్రాల్లో కలిపి, ఏడుగురు పిల్లలు చనిపోయారు. గొడవైంది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకి టీకా కారణమని తేల్చలేదు. పాము కాటు, పురుగుమందు, నీళ్ళలో మునిగిపోవడం, జ్వరాలు వంటివి కారణాలంది. ఒప్పుకోలు తీసుకున్న తీరు మాత్రం తప్పంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇంకా గట్టిగా మందలించింది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలు.

ఆ హెడ్మాస్టర్లని నేను తప్పుపట్టడం లేదు. ఊరవతల బడిలో ఒంటరిగా ఉండే మనిషి, పై అధికారులు కాగితం పంపితే ఏం చేస్తాడు? పిల్లలకి మంచిదేనని నమ్మే పెట్టి ఉంటాడు. కానీ మన బడి సంగతి గుర్తు చేసుకోండి. తొమ్మిదో తరగతిలో అంతర్వేది తీసుకెళ్తామన్నప్పుడు నాన్నగారి సంతకం లేనిదే బస్సెక్కనివ్వలేదు. నేను మా నాన్న సంతకం నేనే పెట్టేశాను. తెలుగు మాస్టారు కాగితం ఒక్కసారి చూసి, "మీ నాన్నకి ‘శ్రీ’ ఇంతందంగా రాయడం రాదురా" అని, సాయంత్రం సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. అంతర్వేది వెళ్ళిరావడానికే తండ్రి మాట కోసం మూడు మైళ్ళు సైకిలు తొక్కారాయన. ఖమ్మంలో పిల్లల ఒంట్లోకి సూది వెళ్ళే ముందు అన్ని గూడేలకీ వెళ్ళే సైకిలు ఎవరికీ దొరకలేదు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి వేరే ఉంది. ఆ టీకా మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తుంది, ఎన్నో దేశాల్లో ఆ క్యాన్సర్ తగ్గింది. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతది ఇదే. ఏటా 70 వేల మందికి పైగా దీంతో చనిపోతున్నారు. చెప్పకుండా వేసినందుకు మంచి టీకాకి చెడ్డపేరొచ్చింది, ఏళ్ళు వృథా అయ్యాయి. ఇప్పటికీ ఆ మాటెత్తితే, "పిల్లల మీద ప్రయోగాలు చేశారట కదండీ" అని నా దగ్గరికొచ్చే తల్లులు అడుగుతారు. అదే టీకాని సిక్కిం రాష్ట్రంలో 2018లో బడుల్లోనే వేశారు. ముందు టీచర్లకి, తల్లిదండ్రులకి చెప్పారు, అడిగినవాటికి జవాబిచ్చారు. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లల్లో 95 శాతానికి పైగా వేయించుకున్నారు. టీకా అదే, బడులూ బడులే, మాస్టార్లూ మాస్టార్లే.

అంతదూరం ఎందుకు, మన బోదకాలు మాత్రల సంగతే చూడండి. ఈ డెల్టాకి బోదకాలు పాత చుట్టం. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ తెచ్చేది. మన చిన్నప్పుడు ప్రతి వీధిలో ఒకరిద్దరు ఏనుగు కాలుతో కనబడేవాళ్ళు. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచడం మొదలుపెట్టారు, తర్వాత ఆల్బెండజోల్ కూడా కలిపారు. జబ్బున్నవాళ్ళే కాదు, లేనివాళ్ళూ మింగాలి. రక్తంలో పురుగు పిల్లలు ఎవరికున్నాయో చూస్తే తెలియదు కాబట్టి. మొత్తం జనాభాలో నూటికి 65 మందైనా మింగితేనే దోమకి పురుగు దొరక్కుండా పోతుంది.

మాత్రలిచ్చే అమ్మాయి వస్తుంది. "ఇవి వేసుకోండి పెద్దమ్మా." "ఆయ్." అమ్మాయి వెళ్ళిపోగానే మాత్రలు కిటికీ మీదికి. మర్నాడు చెత్తలోకి. మా ఇంట్లోనే జరిగింది, మా అమ్మే చేసింది! అడిగితే, "నాకు బోదకాలు లేదు కదరా, ఎందుకు మింగాలి?" అంది. ఎవరూ చెప్పలేదు. డాక్టరు కొడుకు కూడా చెప్పలేదు. ఒంట్లో పురుగు పిల్లలున్నవాళ్ళకి మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి రావచ్చు. పురుగులు చస్తున్నాయి కాబట్టి వచ్చే జ్వరమది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ ముక్క ముందే చెబితే, జ్వరమొచ్చినవాడు ‘మందు పనిచేస్తోంది’ అనుకుంటాడు. చెప్పకపోతే ‘విషం పెట్టారు’ అంటాడు. మరుసటేడు ఆ వీధి వీధంతా మాత్రలు కిటికీ మీదే.

డాక్టర్ల తరపున కూడా రెండు మాటలు చెప్పాలి కదా, నేనూ ఆ కులంవాణ్ణే. ప్రభుత్వాస్పత్రి ఓపీలో ఉదయం నుంచి వరస నిలబడి ఉంటుంది, మనిషికి రెండు నిమిషాలు దొరకడం గగనం. చెబితే భయపడి వెళ్ళిపోతారని ఇంకో భయం. స్కాట్లాండులో నాడీన్ మాంట్‌గోమరీ అని ఒకావిడకి, షుగరున్న పొట్టి మనిషికి, కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే అవకాశం నూటికి తొమ్మిది పది దాకా ఉందని డాక్టరుకి తెలుసు. చెబితే సిజేరియన్ అడుగుతుందని చెప్పలేదు. భుజాలు ఇరుక్కున్నాయి, బిడ్డ మెదడు దెబ్బతింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పి తీరాల్సిందంది. సాటి డాక్టర్లు ఎంత చెబుతారన్నది కాదు, ఆ పరిస్థితిలో ఉన్న మనిషి ఏం తెలుసుకోవాలనుకుంటాడన్నదే కొలత అంది. మన సమీరా తీర్పు అంతదూరం వెళ్ళలేదు. వెళ్ళాలా వద్దా అని మా వాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు.

మన ఇళ్ళలో అయితే అసలు చిక్కు డాక్టరుతో కాదు, చుట్టాలతో. "నాన్నగారికి క్యాన్సరని చెప్పకండి డాక్టరుగారూ, గుండాగిపోతుంది." ఇది వినని వారం లేదు. చాలా ఏళ్ళు నేనూ సరేనన్నాను. పేగు క్యాన్సరున్న ఒక పెద్దాయనకి ‘పుండు’ అని చెప్పి ఆపరేషన్ చేశాను. సంతకం పెద్దకొడుకుది. నాలుగో నెలలో ఆయన ఒక్కడే ఆటోలో వచ్చాడు. "పుండుకి ఇన్ని ఇంజెక్షన్లు ఉండవని నాకు తెలుసు బాబూ. నా పేర రెండెకరాల కొబ్బరి తోట ఉంది, చిన్నదాని పెళ్ళి ఉంది. నాకెంత టైముందో చెప్పు. వాళ్ళకి చెప్పకు, భయపడతారు" అన్నాడు. ఒకర్నొకరు కాపాడుకుంటున్నారు, మధ్యలో నేను అందరికీ అబద్ధం చెబుతున్నాను! ఆ రోజు నిజం చెప్పాను. తోట రాసిచ్చాడు, పెళ్ళి చేశాడు. ఇప్పుడు ఎవరైనా ‘చెప్పకండి’ అంటే, "ఆయన్నే అడుగుతాను, తెలుసుకోవాలనుంటే చెబుతాను, వద్దంటే మీకు చెబుతాను" అంటున్నాను. తెలుసుకోవాలా వద్దా అన్నది కూడా ఆయన హక్కే కదా. కొడుకులకి కోపమొస్తుంది. రానీ.

నమ్మకం అంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళలో ఆర్‌ఎంపీని ఎందుకు నమ్ముతారో మా డాక్టర్లకి అర్థం కాదు. నాకు అర్థమైంది. ఆయన అరుగు మీద కూర్చుంటాడు. రాత్రి పదకొండింటికి పిలిస్తే వస్తాడు. మనూరి తెలుగులో మాట్లాడతాడు. ఆయన మందు తప్పు కావచ్చు, అవసరం లేని స్టెరాయిడ్ ఇస్తుండొచ్చు, పట్నం ఆస్పత్రికి పంపినందుకు అక్కణ్ణించి ఏదో ముడుతుండొచ్చు. కానీ ఆయన్ని మళ్ళీ మళ్ళీ అడగొచ్చు. మమ్మల్ని రెండోసారి అడగడానికే జనం జంకుతారు.

మరి ఏం చెయ్యాలి? నాకు దారి దొరికింది వైద్య కళాశాలలో కాదు, ఈ బడిలోనే. లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క చేసి "అర్థమైందా?" అంటే, క్లాసంతా "అర్థమైందండీ" అని ఒకే రాగం తీసేవాళ్ళం. మాస్టారు ఆ రాగాన్ని ఎప్పుడూ నమ్మలేదు. వెనక బెంచీలో ఒకణ్ణి, ఎక్కువగా నన్నే, లేపి సుద్దముక్క చేతికిచ్చి, "అయితే నువ్వు చెప్పు, నేను కూర్చుంటా" అని నా బెంచీలో కూర్చునేవారు. ఇంగ్లండు, అమెరికా ఆస్పత్రుల్లో ఇప్పుడు దీనికో పేరు పెట్టి డాక్టర్లకి తరగతులు చెబుతున్నారు. మన మాస్టారు ఎప్పుడో చేశారు.

నేను ఇప్పుడు ‘అర్థమైందా’ అని అడగడం మానేశాను. "ఇంటికెళ్ళాక మీ ఆవిడ అడుగుతుంది కదా, డాక్టరు ఏం చేస్తానన్నాడని. ఆవిడకి ఏం చెబుతారో నాకు చెప్పండి" అంటాను. అప్పుడు బయటపడుతుంది అసలు రంగు. హెర్నియాకి వల వేస్తామంటే చేపల వలనుకున్నవాడున్నాడు. ఎముకలో కడ్డీ వేస్తామంటే నెల తర్వాత అదే కరిగిపోతుందనుకున్నావిడ ఉంది. మళ్ళీ చెబుతాను. ఒక్కొక్కరికి ఇంకో అయిదు నిమిషాలు పడుతుంది, మధ్యాహ్నం భోజనం మూడింటికి. ఇంట్లో తిట్లు తప్పవనుకోండి.

మీ వైపు నుంచి కూడా ఒకటి. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ‘వేరే దారి ఏదైనా ఉందాండీ?’, ‘చేయించుకోకపోతే ఏమవుతుందండీ?’ ఈ రెండూ అడగండి. వినయంగానే అడగండి, ‘అండీ’ పెట్టే అడగండి. మీ కేసు కాగితాలు కావాలని రాసిస్తే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి. పెన్ను మీ చేతిలోనే ఉంది కదా, తొందరేముంది?

చివరిగా మన సంఘం పని ఒకటి మిగిలింది. స్వర్ణోత్సవం సందర్భంగా రేపు ఇదే బడిలో కంటి శిబిరం పెడుతున్నాం. శుక్లాలున్నవాళ్ళకి ఆపరేషన్‌కి పేర్లు రాసుకుంటాం. ఒప్పుకోలు ఫారాలు నిన్న వచ్చాయి, చూస్తే ఇంగ్లీషులో ఉన్నాయి. కార్యదర్శిని రాత్రంతా నిద్రపోనివ్వకుండా తెలుగులో మళ్ళీ రాయించాను, పెద్ద అక్షరాలతో, ఒక్క పేజీలో. ఏ కంటికి చేస్తారు, లోపల లెన్సు పెడతారు, ఎన్నాళ్ళు నీళ్ళు తగలకూడదు, నొప్పొచ్చినా చూపు తగ్గినా ఎవరికి ఫోన్ చెయ్యాలి, వద్దనుకుంటే వెళ్ళిపోవచ్చు. అంతే ఉంది. శుక్లాలున్నవాళ్ళు దాన్ని చదవలేరు కాబట్టి పక్కన కూర్చుని చదివి వినిపించి, విన్నది మళ్ళీ చెప్పించుకునే మనుషులు కావాలి. ఆ పని డాక్టర్లకన్నా మాస్టార్లకి బాగా వచ్చు. ఇప్పటికి ఆరుగురు పేర్లిచ్చారు, ఇంకో పదిమంది కావాలి. రిటైరైన లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, ఆయన పేరు నేనే రాసేశాను. మాస్టారండీ, రేపు ఉదయం ఎనిమిదింటికల్లా తొమ్మిదో తరగతి గదిలోకి రావాలి. మీ సుద్దముక్క నేను తెచ్చిపెడతాను.

(మాస్టారు లేచి "ఆయ్" అన్నారు. సభంతా నవ్వింది. మర్నాడు ఆయన ఏడున్నరకే వచ్చారు.)